వెనక్కి తిరిగిన బాణం

కాటన్‌పేట, బెంగళూరు
14 ఆగస్టు 2025, గురువారం

చిరంజీవి సౌభాగ్యవతి నవ్యకు,

మీ నాన్న లక్ష్మీనారాయణ నీ తలమీద రెండు చేతులూ పెట్టి, చాలదనిపించి ఇంకోసారి పెట్టి, మనసు నిండా దీవిస్తూ రాస్తున్న ఉత్తరం. అల్లుడు గిరిధర్‌కు నా ఆశీస్సులు చెప్పు. ఇక్కడ మీ అమ్మ క్షేమం. మా నాయన ఉత్తరం రాస్తే మొదటి వరుసలో క్షేమమని రాసి, ఆ సిరా ఆరకముందే తర్వాతి సంగతికి పోయేవాడు. నేను ఈరోజు ఆ మాట రాసి, కలం పక్కన పెట్టి, లేచి వంటింట్లోకి తొంగి చూసి వచ్చాను. ఉంది. బీరకాయ చెక్కు తీస్తోంది. నన్ను చూసి, ఏంది అట్ల చూస్తాండారు, నేనేమన్నా సినిమానా అన్నది. ఆ మాట చెవిన పడ్డాక వచ్చి కూర్చొని మళ్ళీ రాస్తున్నాను. నా సంతోషం ఎంతని చెప్పను తల్లీ. మీ అమ్మ నన్ను తిడుతోంది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నువ్వు నవ్వుకుంటావు. రెండు గదుల ఇల్లు. ఫోన్‌లో దగ్గినా మీ అమ్మకు వినపడుతుంది. అదొక్కటే కాదు, ఈ సంగతి నీ గొంతు వింటూ చెప్పడానికి నాకు ధైర్యం లేదు. బడిలో నేను చదివింది ఏడో తరగతి దాకా, అదీ కన్నడం. తెలుగు రాత మా నాయన మగ్గం పక్కన పలక పెట్టి నేర్పాడు, నేను నీకు నేర్పాను. అది ఇట్లాంటి రోజుకు పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు. రేపు జండా పండుగ, రోడ్లు ఖాళీగా ఉంటాయి, మారతహళ్ళికి ఒక బాడుగ ఉంది అన్నాడు కింద ఇంటి రియాజ్. అతని ఆటోలో ఈ కవరు నీకు చేరుతుంది.

ముందుగా ఒక్క మాట. ఈ ఆదివారం మీ అపార్టుమెంటులో నలభై ఇళ్ళ పెద్దవాళ్ళకు, అమ్మ కోసం నువ్వు గీసిన ఆ బాణాల పటం, నీ ఫ్లోచార్టు, అచ్చువేయించి పంచుతానన్నావు. ఈ ఉత్తరం చివరి అక్షరం దాకా చదివేదాకా ఒక్క కాగితం కూడా ఎవరి చేతికీ ఇవ్వొద్దు. నీ కాళ్ళు పట్టుకున్నట్టు అనుకో.

నువ్వు ఆ రెండు పెద్ద కాగితాలు తెచ్చి ఇనుప బీరువా తలుపుకు అంటించిన రోజు నాకు బాగా జ్ఞాపకం. మీ అమ్మకు చక్కెర జబ్బు మాత్ర మార్చారు. కొత్త మాత్ర గట్టిది, అది వేసుకొని తినకుండా ఉంటే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, నాన్న తడబడకూడదు అని నువ్వే కూర్చొని గీశావు. నా చూపుడు వేలు పట్టుకొని గుర్తులన్నిటి మీద నడిపించావు, చిన్నప్పుడు నేను నీ వేలు పట్టి అ ఆ లు దిద్దించినట్టు. కోడిగుడ్డును పక్కకు సాగదీసినట్టు ఉండేది మొదలు, ముగింపు. నాలుగు మూలల పెట్టె అంటే ఒక పని చెయ్యి. గాలికి పక్కకు ఒరిగినట్టు ఉండే పెట్టె అంటే ఒక సంగతి లోపలికి వస్తుంది, లేకుంటే బయటికి పోతుంది. వేలు గుచ్చి చక్కెర చూసే యంత్రం చూపించే అంకె అక్కడ రాసుకోవాలి. డైమండు అంటే ప్రశ్న, దాన్నుంచి రెండే దారులు, అవును ఒకటి, కాదు ఒకటి. కాగితం అయిపోయిన చోట చిన్న గుండ్రంలో అ అని ఉంటే, రెండో కాగితంలో అదే గుండ్రం వెతుక్కొని అక్కడినుంచి నడవాలి. బాణం ఎటు చూపిస్తే అటు, సొంత తెలివి వద్దు అన్నావు.

యాభై ఏండ్లు చీర ఒంటినిండా డైమండు బుటాలు నేసినవాణ్ణి. ఆ డైమండు నోరు తెరిచి నన్నే ప్రశ్న అడగడం మాత్రం అదే మొదలు.

నాకు తలకెక్కిందో లేదో అని కాఫీతో పరీక్ష పెట్టావు. పొయ్యిమీద పాలు పెట్టు అని పెట్టె. పొంగాయా అని డైమండు. అవును అంటే దించు. కాదు అంటే బాణం వెనక్కి తిరిగి వస్తుంది. ఆ వెనక్కి తిరిగే బాణాన్ని చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇది మన జాకార్డు అట్టల దండ కదా అన్నాను. చిల్లులు కొట్టిన అట్టలు ఒకదానికొకటి కుట్టి మగ్గం మీద దండగా వేలాడదీస్తాం, ఆఖరి అట్ట అయిపోగానే మొదటి అట్ట మళ్ళీ వస్తుంది, పువ్వు మొదటినుంచి మళ్ళీ పడుతుంది అని చెప్పాను. నువ్వు వాచీ చూసుకొని బ్యాగు భుజాన వేసుకుంటూ, అదే నాన్నా, అచ్చం అదే, మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు కూడా ఇంత తొందరగా ఎక్కదు అన్నావు. ఆరోజు నేను వీధిలో ఛాతీ విరుచుకొని నడిచాను. ఎదురింటి పుల్లమ్మ, ఈ వయసులో మా లచ్చినారాయణ కంప్యూటరు నేర్చినాడప్పా అని పూలమ్మే ఆమెకు కూడా చెప్పింది. మీ అమ్మ మాత్రం, ఇన్ని దినాలు నోటితో చంపుతాంటిరి, ఇంక గోడకు అంటించి చంపండి అన్నది.

ఇక ఆ రోజు సంగతి. నువ్వు ఆస్పత్రికి వచ్చిన తర్వాతిదే నీకు తెలుసు. అంతకు ముందు జరిగింది నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఎనిమిదో తారీకు, వరలక్ష్మీ వ్రతం. మీ అమ్మ నాలుగున్నరకే లేచి, కలశానికి చీర కట్టి, పానకం కలిపి, తోరాలు పసుపులో ముంచి పెట్టింది. ఏడు గంటలకు వేలు గుచ్చి చూశాను. నూట ముప్పై రెండు. ఒరిగిన పెట్టెలో పెన్సిలుతో రాశాను. నూటికి పైన ఉందా అంటే అవును. మాత్ర ఇవ్వు అన్న పెట్టె. ఇచ్చాను. అరగంట ఆగు. ఆగాను. టిఫిన్ తినిందా అన్న డైమండు. అక్కడ వచ్చింది చిక్కు. అమ్మవారికి నైవేద్యం పెట్టకుండా గుటక వేసేదాన్ని కాదు నేను, మాత్ర అంటే తిండి కాదని మింగితిని, ఇంక సుమ్నే నోరు మూసుకొని పోయి కూచోండి అన్నది. వ్రతం పూట ఆమెతో వాదించే మొగుడు ఈ కాటన్‌పేటలో ఇంకా పుట్టలేదు. కాదు అన్న బాణం పట్టుకున్నాను. పావుగంట ఆగు అన్న పెట్టె. ఆగాను. బాణం ఎట్లా తిప్పితే అట్లా తిరిగాను.

ఎనిమిదిన్నరకు చెంబులో నీళ్ళు పట్టుకొని మళ్ళీ దగ్గరికి పోయాను. కలశం ముందు కూర్చొని ఉంది. మెడ వెనక చెమట ధారగా కారుతోంది. తోరానికి ముడి వేస్తోంది, వేళ్ళు ముడి మీదికి పోవడం లేదు, పక్కన గాలిలో ఆడుతున్నాయి. చెమట పడుతోందా, చేతులు వణుకుతున్నాయా అన్న డైమండు మొదటి కాగితం చివర ఉంది. అవును. చిన్న గుండ్రం అ. రెండో కాగితానికి పరుగెత్తాను, అ వెతుక్కున్నాను. అక్కడ నువ్వు రాసిన ప్రశ్న, పలకరిస్తే సరిగ్గా బదులిస్తోందా.

పద్మా, ఎట్లుండాది నీకు అని పిలిచాను.

మీ అమ్మ నావైపు తిరిగింది. బాగుండానండీ, మీరు పోయి కూర్చోండి అన్నది. మెల్లగా, మర్యాదగా అన్నది.

నవ్యా, నీ కాగితం ప్రకారం అది సరైన బదులు. స్పష్టంగా ఉంది, మాట తడబడలేదు, అడిగినదానికే చెప్పింది. అవును అన్న బాణం పావుగంట పడుకోబెట్టు అన్న పెట్టెలోకి పోతుంది. నా వేలు ఆ బాణం మీదనే ఉంది. కానీ నలభై ఆరు ఏండ్ల కాపురంలో మీ అమ్మ నేను అడిగిన ఏ ప్రశ్నకైనా బాగుండానండీ అన్నదా. ఎట్లుండాది అంటే, ఇంకా పోలేదులే, మీ కాఫీ ఎవరు పెట్టాల అంటుంది. ఆకలిగా ఉందా అంటే, ఇప్పుడు అడుగుతాండారా, పెండ్లిలో అడగాల్సింది అంటుంది. నువ్వు పుట్టిన రోజు ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి నొప్పిగా ఉందా అని అడిగితే, లేదు, గిలిగింతలు పెడతాండారు అన్నది. అట్లాంటి మనిషి నన్ను అండీ అన్నది. ఎదురుగా కూర్చున్నది మీ అమ్మ ముఖం పెట్టుకున్న వేరే ఎవరో అనిపించింది.

సొంత తెలివి వద్దన్నావు. వేలు తీసి కాదు అన్న బాణం మీద పెట్టాను.

వేలు గుచ్చితే యంత్రం నలభై ఒకటి చూపించింది. చక్కెర నీళ్ళు తాగించు అని నీ పెట్టె. మీ అమ్మ చక్కెర డబ్బా నాకు అందకుండా ఎక్కడ దాస్తుందో ఆ భగవంతుడికే తెలుసు. మూడు డబ్బాలు తెరిచాను, కందిపప్పు, ఉప్పు, ఇంకేదో. తొందరలో ఉప్పు నేలపాలైంది. అప్పుడు పానకం కనిపించింది. అమ్మవారి ముందు వెండి గిన్నెలో, ఇంకా నైవేద్యం పెట్టనిది. తీసి మీ అమ్మ నోటికి పెట్టాను. వద్దంటుందని ఎదురు చూశాను. అనలేదు. పసిబిడ్డలాగా తాగింది. దానికి ఇంకా భయపడ్డాను.

నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు నీ ఇంట్లో పూజలో ఉన్నావు, అది నీ తప్పు కాదు, ఆ మాట మనసులో పెట్టుకోకు. మెట్ల దగ్గర నిలబడి రియాజ్ అని అరిచాను. గడ్డానికి సబ్బు పూసుకొని ఉన్నవాడు అట్లాగే వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో మీ అమ్మను కూర్చోబెట్టి ఇద్దరం కిందికి దించాము. పుల్లమ్మ చెప్పులు తెచ్చి మీ అమ్మ కాళ్ళకు తొడిగింది. అంకుల్, మీరు ఆంటీ తల గట్టిగా పట్టుకోండి, గుంతల సంగతి నాకు వదిలేయండి అన్నాడు రియాజ్. ఆ పది నిమిషాల దారి నాకు పదేండ్లు. పద్మా, పద్మా అని పిలుస్తూనే ఉన్నాను, ఊ అంటుంది, మళ్ళీ కండ్లు మూస్తుంది. ఆమె ఎప్పుడు ఊ అన్నది కనుక.

ఆస్పత్రి గేటు ముందు ఆటో ఒక గుంతలో పడి లేచింది. మీ అమ్మ కండ్లు తెరిచింది. అమ్మవారి పానకం ఎంగిలి చేస్తిరి కదా అన్నది.

నేను ఆటోలోనే ఏడ్చేశాను. రియాజ్ అద్దంలో చూసి, ఆంటీ వచ్చేసినారు అంకుల్ అన్నాడు.

అక్కడినుంచి నీకు తెలిసిందే. గ్లూకోజు ఎక్కించారు. ఆ చిన్న డాక్టరమ్మ ఏ మాత్ర, ఎప్పుడు, ఎన్ని అని అడిగింది, ఆమె ముఖం చూడకుండా చెప్పాను. మధ్యాహ్నం నువ్వు పట్టుచీరలో, చేతికి తోరంతో పరుగెత్తుకొని వచ్చావు. నన్ను వాటేసుకొని, నా ఫ్లోచార్టు అమ్మను బతికించింది నాన్నా అని ఏడ్చావు. నర్సులకు చెప్పావు, పక్క మంచం వాళ్ళకు చెప్పావు. నీ ముఖంలో ఆ వెలుగు చూసి నేను అవును తల్లీ అన్నాను. సాయంత్రం చక్కెర మళ్ళీ పడిపోయింది. రాత్రికి ఇంటికి పంపిస్తామన్నవాళ్ళు ఆదివారం దాకా ఉంచుకున్నారు.

ఇప్పుడు నా సంతోషం ఎట్లా ఉందో చెప్తాను విను. సోమవారం అర కిలో మైసూర్‌పాకు తెచ్చి ఈ వఠారంలో అందరికీ పంచాను. చక్కెర జబ్బు మనిషి బతికినందుకు మైసూర్‌పాకు పంచినారు, మీ తెలివికి దండం అన్నది మీ అమ్మ. పొద్దున లేస్తే తిట్టు, స్నానానికి నీళ్ళు తోడితే తిట్టు. ఒక్కొక్క తిట్టుకూ నా ప్రాణం కుదుటపడుతుంది. కానీ భయం పోలేదు. ఒక్క పూట ఆమె మెత్తగా మాట్లాడితే చాలు, యంత్రం తెచ్చి వేలు పట్టుకుంటున్నాను. నిన్న అలసిపోయి ఊరికే సరే అన్నది. వేలు గుచ్చాను. నూట ఇరవై. ఆ తర్వాత అరగంట తిట్టింది, అప్పుడు అన్నం తిన్నాను. మాత్రల పెట్టె తీస్తే ఒకటికి మూడుసార్లు లెక్కపెడుతున్నాను. మైసూరు రోడ్డులో సిగ్నలు దగ్గర బాణం గుర్తు చూసినా నిలబడిపోతున్నాను.

అందుకని ఆ డైమండులో మాట మార్చు తల్లీ. సరిగ్గా బదులిస్తోందా అని రాయకు. రోజూ మాట్లాడినట్టే మాట్లాడుతోందా అని రాయి. ఎవరి ఇంట్లో మనిషి ఎట్లా మాట్లాడుతుందో ఆ ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. మీ నలభై ఇళ్ళలో మెత్తగా మాట్లాడేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళు తిడితే భయపడాలి. అంకె చూడకుండా పడుకోబెట్టు అన్న పెట్టె అసలే వద్దు.

అల్లుణ్ణి అడిగినట్టు చెప్పు. వేళకు తిను. మీ అమ్మ బీరకాయ పచ్చడి ఒక సీసాలో పెట్టి ఇస్తోంది, కారం ఎక్కువైతే మీ నాన్నదే పొరపాటని చెప్పమంది.

తిట్లు తింటూ హాయిగా ఉన్న,
మీ నాన్న
లక్ష్మీనారాయణ

తా.క. ఇక్కడితో అయిందని కాగితం మడిచాను. మళ్ళీ విప్పాను. ఇది చెప్పకపోతే పైన రాసినదంతా సగమే.

ఆ రోజు మీ అమ్మకు అట్లా కావడానికి కారణం వ్రతం కాదు, నేను. నీ మొదటి కాగితంలో పావుగంట ఆగు అన్న పెట్టె అడుగున ఉంది. దాన్నుంచి వెనక్కి తిరిగే బాణాన్ని, చోటు లేక కాబోలు, అంచు వెంబడి పైకి తీసుకుపోయి మాత్ర ఇవ్వు అన్న పెట్టె నెత్తిన కలిపావు. నీకది తినిందో లేదో మళ్ళీ అడగమని. నాకది అట్టల దండ. తిరిగి వచ్చిందంటే ఆ అట్ట మళ్ళీ పడాల్సిందే. పాలు పొంగలేదని ఎవరూ మళ్ళీ పాలు పోయరు. నేను పోశాను తల్లీ. ఏడు గంటలకు ఒక మాత్ర, ఏడుముప్పావుకు ఇంకొకటి. ఇప్పుడే కదా మింగితిని అన్నది మీ అమ్మ. బాణం అట్లే చూపిస్తాండాది, నీ కూతురు తప్పు గీస్తుందా అన్నాను. ఇంకొక్క మాట మాట్లాడకుండా మింగింది.

డాక్టరమ్మ ఎన్ని అని అడిగితే ఒకటే అన్నాను. కాగితంలో మాత్ర పెట్టె ఒకటే ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు పక్కన ఉండగా మళ్ళీ అడిగింది, మళ్ళీ ఒకటే అన్నాను. సాయంత్రం చక్కెర మళ్ళీ పడిపోయినప్పుడు, నువ్వు కాఫీ తేవడానికి కిందికి పోయావు. కండ్లు తుడుచుకుందామని జేబులో చేయి పెడితే మాత్ర తగిలింది. అప్పుడు పరుగెత్తిపోయి ఆమెకు నిజం చెప్పాను. ఇంకో రెండు రోజులు ఉంచింది అందుకే.

మీ అమ్మకు అంతా తెలుసు. దానికి చెప్పొద్దండీ, అది గీసిన గీత తప్పని తెలిస్తే బిడ్డ తట్టుకోలేదు అన్నది. ఆ అండీ విని ఆ పూట కూడా వేలు గుచ్చాను. నూట పదిహేను. బాగున్నప్పుడు కూడా అట్లా అనగలదని నాకు ఈ వయసులో తెలిసింది. ఆమె మాట దాటి రాస్తున్నాను, నలభై ఇళ్ళలో నాలాంటి వాడు ఒక్కడైనా ఉంటాడు కాబట్టి. ఆ బాణాన్ని మాత్ర పెట్టె కిందికి దించి, నేరుగా డైమండు మీద కలుపు. తప్పు నీ ఒక్కదానిదే కాదు. అచ్చం అదే అని నువ్వు అన్నావు, నిజమేనని నేను నమ్మాను.

ఈ కవరులో చిన్న కాగితంలో మడిచి పెట్టింది ఎనిమిదిన్నరకు ఇవ్వబోయిన మూడో మాత్ర. అది నా అరచేతిలో ఉండగానే మీ అమ్మ నాకు మర్యాదగా బదులు చెప్పింది.